మూసీకి దక్షిణమున మొటిమల మచ్చలు

మొగలాయి సైన్యములలో ఆశ్వికుని కొలువునకు తీసికొనునపుడు వాని పేరును, తండ్రి పేరును, నివాసమును వ్రాసికొనుటతో తృప్తిపడక, మేనిచాయ, నుదుటి వెడల్పు, కనుబొమల తీరు, ముక్కు, గడ్డము, ముఖముపై గల పుట్టుమచ్చలు, గాయపు గుర్తులు, స్ఫోటకపు గుంటలు మున్నగువాని నెల్ల చిట్టాకెక్కించు ఆచారముండెను. ఇట్టి పత్రములకు అర్జ్-ఓ-చెహ్రా యని పేరు. షాజహాను, ఔరంగజేబుల దక్కను పరిపాలనకు సంబంధించిన ఆ కాగితములు వేలకొలదిగా నేటికిని హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ భాండాగారమున భద్రముగా నున్నవి. షాజహాను కాలపు పత్రములలో కొన్నింటిని ఏర్చి దఫ్తర్-ఎ-దీవానీ వారు 1950లో గ్రంథరూపమున వెలువరించిరి. ఒకనికి బదులు మఱియొకడు వచ్చి జీతమందుకొని పోకుండుటకై కల్పించిన ఈ ఏర్పాటులో ముఖముపై మచ్చ లజ్జాకారణము గాదు, మనుష్యుని పోల్చుకొనుటకు పనికివచ్చు ఆనవాలు.

ఆ చిట్టాలు వ్రాసిన గుమాస్తాల కాలము మొదలు మన తాతముత్తాతల కాలము వరకు స్ఫోటకపు గుంటలు గల ముఖము కానరాని వీధి ఈ నగరమున ఉండియుండదు. అమ్మవారు పోసి ప్రాణముతో బయటపడిన బిడ్డకు వేపాకులు, పసుపు కలిపిన నీళ్ళు పోసి, పోచమ్మకు మ్రొక్కు చెల్లించి, తల్లి ఊపిరి పీల్చుకొనెడిదే గాని, చెక్కిళ్ళపై మిగిలిన గుంటలకు మందేమని వైద్యుని వెదకుట అరుదు. కన్నులు దక్కుటయే మహాభాగ్యముగ తలచిన రోజులవి. నేడు ఆషాఢమాసమున లాల్‌దర్వాజా సింహవాహిని గుడి వద్దను, హరిబౌళిలో అక్కన్న మాదన్నల పేర వెలసిన మహాకాళి గుడి వద్దను బోనములెత్తు స్త్రీల వరుసలో వేపమండయు పసుపును ఎందుకున్నవో పిల్లలకు తెలియదు. వారి ముత్తవ్వలకు మాత్రము అది ప్రాణములతో ముడిపడిన సంగతి. ఎందరి ముఖములపైననో మశూచి తన ముద్ర వేసిపోయిన ఊరిలో, యౌవనమున మొటిమ చిదిమికొన్నందున ఏర్పడిన చిన్న గుంటను ఎవరు లెక్కింతురు? పాతనగరమున మొటిమల మచ్చ యనునది ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తింపు పొందుటకు అంత ఆలస్యమగుటకు కారణమిదియేయని నా నిశ్చయము.

ఈ రెండు మచ్చలకును జన్మస్థానమొక్కటే యగుట గమనింపదగినది. చర్మములోని రోమకూపములకు అంటుకొని జిడ్డును స్రవించు సూక్ష్మగ్రంథులు శరీరమంతట కన్న ముఖముననే సాంద్రముగా నుండును. మశూచి ఆ గ్రంథులను నాశనము చేయగా, ఆ చోట పుట్టిన క్రొత్త కండ ముడుచుకొని గట్టిపడుట చేత గుంట యేర్పడెడిది. అందువలననే ఆ వ్యాధి ఒడలంతయు కాల్చినను గుంటలను ముఖముననే ఎక్కువగా మిగిల్చెడిది. మొటిమయు ఆ గ్రంథి నోరు మూసికొనుటతో మొదలగును. జిడ్డు లోపల నిలిచి, క్రిములు పెరిగి, వాపు లోతునకు దిగినచో, చర్మమునకు బిగువునిచ్చు పీచుపదార్థము కరగిపోయి, మానిన తరువాత పల్లము మిగులును. లోతునకు దిగని మొటిమ మానినచోట మిగులునది పల్లము కాదు, రంగు మాత్రమే. గోధుమవన్నెయో, నలుపో, ఎరుపో గల ఆ మరక నెలల మీద తనంతట తానే తరిగిపోవును. రంగు మచ్చకును గుంటకును గల ఈ భేదము గ్రహింపకున్నచో పాత వైద్యమును పొగడుటయు తప్పగును, నిందించుటయు తప్పగును.

మొటిమ మన వైద్యులకు క్రొత్తది గాదు. సుశ్రుతసంహిత దానిని క్షుద్రరోగములలో చేర్చి, ముఖదూషిక యను పేర, యువకుల ముఖముపై బూరుగుచెట్టు ముండ్లవలె మొలచు పిడకగా వర్ణించి, కఫవాతరక్తములను కారణముగా చెప్పి, వమనమును, లొద్దుగ, వస, సైంధవలవణము, ఆవాలు కలిపిన లేపమును విధించినది. గ్రీకుల నుండి అరబ్బులకు, వారి నుండి పారసీకులకు సంక్రమించి, కుతుబ్‌షాహీల ఆశ్రయమున గోలకొండకు చేరిన యునానీ వైద్యము దీనికే బుసూర్-ఎ-లబనియా యను పేరిడినది. నాసికపైనను చెక్కిళ్ళపైనను పాలచుక్కలవలె తెల్లగా కనబడు పొక్కులని ఇబ్న్ సీనా వ్రాసెను. రే నగరపు వైద్యశిఖామణి అల్ రాజీ, మశూచిని తట్టును వేరుపరచి వ్రాసిన ప్రసిద్ధగ్రంథమున, ఆ వ్యాధి మిగిల్చిన మచ్చలను మాపుటకే ఒక ప్రకరణము కేటాయించెను. కాన మచ్చకు మందు వెదకవలెనను కోరిక ఈ వైద్యముతోపాటే మూసీతీరమునకు వచ్చినదనుట యుక్తము.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినారును నిలిపి, కొలది ఏండ్లకే, 1595 ప్రాంతమున, మూసీకి దక్షిణపుటొడ్డున దారుల్‌షిఫాను కట్టించెను. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును రెండంతస్తుల గదుల వరుసలు గల ఆ భవనమున రోగులుండి చికిత్స పొందెడివారు, విద్యార్థులు హకీముల యొద్ద శాస్త్రము నేర్చెడివారు. ఆసుపత్రియు పాఠశాలయు నొక్కటియే. ప్రధానమంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ తూనికలు కొలతలను గూర్చి గ్రంథమొకటి రచించెనన్నచో, మిస్కాలు, దిర్హము, తులములలో తబ్బిబ్బు పడక మందు తూచుట ఆనాడెంత అక్కరైనదో ఊహింపవచ్చును. పురానీ హవేలీ దాపున నిలిచియున్న ఆ శిథిలభవనమునకు చేరువగా మొహర్రము దినములలో జనసమ్మర్దము కలుగుచునే యున్నది గాని, వైద్యము అచ్చట ఏనాడో అంతరించినది. నగరపుపేటకు దారుల్‌షిఫా యను పేరు మాత్రము మిగిలినది.

ఆసుపత్రి సంగతి యట్లుండ, ముఖమునకు సంబంధించిన అసలు వైద్యశాల ఇంటిలోని రోలు. తెలుగువారి ఇండ్లలో పెసలు, సెనగపప్పు ఎండబెట్టి, కస్తూరిపసుపు కొమ్ములు విడిగా దంచి, కచ్చూరములు, బావంచాలు, వట్టివేళ్ళు, ఎండిన నారింజతొక్కలు, గులాబిరేకులు చేర్చి, తిరుగలిలో విసరి, పలుచని గుడ్డలో జల్లించి, గాజుసీసాలో బిగించి దాచుకొనెడివారు. దానినే సున్నిపిండి యనిరి. నువ్వులనూనె పట్టించిన తరువాత దీనితో నలుగు పెట్టెడివారు. అలీజాకోట్లా, హుస్సేనీఆలం, శాలిబండలలో, పరదాల వెనుక, ఉబ్టను తయారగు విధము కొంత భిన్నము: మసూరుపప్పును రాత్రి పాలలో నానవేసి, తెల్లవారి రాతిపై వెన్నవలె నూరి, సారపప్పు, పొట్టు తీసిన బాదము, గంధపు చెక్క అరగదీసిన ముద్ద, పసుపు, గులాబినీరు క్రమముగా కలిపెడివారు. నూరుచున్నప్పుడు రాతిపై మిగిలినది వ్రేలితో తీసి బొటనవ్రేలి గోటిపై రుద్ది చూచెడివారు. ఇసుక తగిలినచో ముఖమునకు పనికిరాదు, చేతులకు కాళ్ళకు వాడుకొనవలసినదే. ముఖచర్మము రాపిడికి ఓర్వదను తెలివి ఆ పరీక్షలో నున్నది. ముల్తానీ మట్టి జిడ్డు లాగుటకు, వేపాకు ముద్ద చీము పట్టిన మొటిమకు, జాజికాయ అరగదీసిన గంధము నల్లమచ్చకు. పెండ్లికి ముందు హైదరాబాదీ ముస్లిముల యిండ్లలో మాంఝా జరిపి, వధువునకు పసుపుపచ్చని బట్టలు కట్టబెట్టి, దినదినమును ఉబ్టను రాయుట నేటికిని తప్పదు. తెలుగువారి పెండ్లికూతురికి నలుగు తప్పనట్లే. గోడకిటువైపు, అటువైపు నున్న ఈ రెండిండ్లును దినుసులను తెచ్చుకొనుట మాత్రము ఒక్క దుకాణము నుండియే.

అది పసారి దుకాణము. చార్మినారు చెంత, మహబూబ్ చౌక్ సందులలోను, నయాపూల్ దాటి బేగంబజారులోను, గోనెసంచుల మూతులు మడిచి వరుసగా నిలిపి, వానివెనుక చిన్నచిన్న సొరుగుల బీరువాలతో నుండు ఆ దుకాణముల సువాసన చాలదూరము వచ్చును. హకీము వ్రాసిన నుస్ఖాను అందుకొని యజమాని, షాహతరా, చిరాయితా, ఉన్నాబు, ముండీ, సర్‌ఫోకా అని గొణుగుచు ఒక్కొక్క సొరుగు లాగి, చిన్నత్రాసులో తూచి, వేరువేరు కాగితపు పొట్లములు కట్టి ఇచ్చును. చేదు పర్పాటకమును, చేదున నేలవేమును పోలిన చిరాయితాను, రేగుజాతి పండును, బోడసరమును, వెంపలిని రాత్రి నీటిలో నానవేసి ఉదయము కాచి వడపోసి త్రాగవలెను. ఇవి యన్నియు ముసఫ్ఫీ-ఎ-ఖూన్, అనగా రక్తమును శుభ్రపరచునవి. మొటిమకు మూలము ముఖమున లేదు, కడుపున నున్నదని హకీము నమ్మకము. కావుననే మలబద్ధమును తీర్చి, వేపుడుకూరలు మాన్పించి, ఇత్రిఫల్ షాహతరాయో, మాజూన్-ఎ-ఉష్బాయో యను లేహ్యమును నెలలకొలది వాడించి, పైపూతను చివరకు చెప్పెడివాడు. ఈ క్రమమును గూర్చి ఎవరేమన్నను, మొటిమ చిదమవద్దనియు, ఓపిక పట్టుమనియు వారు నొక్కి చెప్పినమాట వలన ఎన్ని ముఖములు గుంటల నుండి తప్పించుకొన్నవో!

ఈ వైద్యమునకు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పాఠశాల నేర్పరచగా, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ చార్మినారునకు ఎదురుగా గుమ్మటములతో గంభీరమైన భవనమును కట్టించెను. నిజామియా తిబ్బీ కళాశాల, దానిననుసరించిన సర్కారు దవాఖానా నేటికిని అచ్చటనే నడచుచున్నవి. మక్కామసీదు వైపు పోవు జనప్రవాహము నుండి ఒక్క అడుగు ప్రక్కకు వేసినచో రోగుల బారులు, ఖమీరా లేహ్యముల తీపివాసన. పేదవానికిని చేతినుండి డబ్బు పడకుండ మందు దొరకు చోటది. 1970ల ఆరంభమున కేంద్రప్రభుత్వము హైదరాబాదున యునానీ పరిశోధనసంస్థను నెలకొల్పెను. అది బొల్లి చికిత్సలో పేరుగాంచి, అటుపిమ్మట ఎఱ్ఱగడ్డలో స్థిరపడి, చర్మవ్యాధులకు జాతీయసంస్థగా ఎదిగినది. ఆ చికిత్సలో ప్రధానద్రవ్యము బాబ్చీ, అనగా మన బావంచాలే. సోరాలెన్ అను పదార్థము గల ఆ గింజ సూర్యరశ్మి సోకినప్పుడు చర్మమునకు నలుపు తెచ్చును. బొల్లికి అది వరము. కాని సున్నిపిండిలో బావంచాలు వేసి, ముఖము రుద్దుకొని, ఎండలోనికి వెడలిన పడుచుకు మొటిమల మరకలు మాయుటకు మారు మరింత ముదురుట కద్దు. ఒకే గింజ ఒక గడపలో మందై, మఱియొక గడపలో కీడగుట చూచియైనను, ఇంటివైద్యము ఎన్నడును హానిచేయదను మాటను మనము విడువవలెను. పాత మర్హములలో, అనగా పూతమందులలో, మురదార్‌సంగ్ పేర చేరెడి సీసపు భస్మమును, పాదరసపు లవణములను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. వానిని చరిత్రకు వదలి రావలసినదే.

ఇంతకును ఆ లేపములు, కషాయములు సాధించినదేమి? జిడ్డును తగ్గించినవి, క్రొత్తమొటిమల పుట్టుక నొకింత ఆపినవి, రంగుమచ్చ మాయుటకు పట్టెడి కాలమును ఓపికతో గడపుటకు తోడ్పడినవి. గుంటను మాత్రము ఏ పసుపును పూడ్చలేదు, ఏ మాజూనును నింపలేదు. చర్మపు లోపలిపొర కరగి పీచుత్రాళ్ళతో క్రిందికి లాగబడినచోట పైన రాసిన ముద్ద చేరగల మార్గమే లేదు. పూర్వులు ఇది యెఱుగనివారు కారు. గుంటను వారు బోనముతోనో, దువాతోనో అంగీకరించి, దానితోనే పెండ్లిండ్లు చేసి, సంసారములు సాగించిరి. ఆ అంగీకారమున ఒక ఘనత యున్నది. కాని దానికి వెనుక స్త్రీల ముఖములనే తూచెడి పెండ్లిచూపుల క్రౌర్యమును ఉన్నదని మరచుట న్యాయము గాదు. స్ఫోటకపు గుంటలున్న పురుషునికి ఆనవాలు దక్కినది. స్త్రీకి దక్కినది కట్నపుబేరము.

పాశ్చాత్యవైద్యము 1846లో స్థాపితమైన వైద్యపాఠశాలతో నగరమున వేళ్ళూనినది. 1888, 1889లలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున క్లోరోఫారము మత్తును పరిశీలించిన కమీషన్లు హైదరాబాదు పేరును లోకమున వినిపించినవి. 1908 సెప్టెంబరులో మూసీవరద అఫ్జల్‌గంజు దవాఖానాను తుడిచిపెట్టగా, విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఉస్మానియా ఆసుపత్రి అదే తీరమున లేచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున వైద్యము బోధించిన కాలమున డాక్టరును హకీమును ఒకే భాషలో, తరచు ఒకే పేటలో, రోగితో మాటాడుచుండిరి. అయినను చర్మవైద్యుని బల్లముందర మొటిమకు చోటుండెడిది గాదు. కుష్ఠము, సుఖవ్యాధులు, గజ్జి, తామర ఆతని సమయమునంతయు హరించెడివి. ఆ శాఖకే చర్మ, సుఖ, కుష్ఠవ్యాధుల విభాగమని పేరు. నిజామాబాదు దాపున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో స్థాపించిన కుష్ఠరోగుల ఆసుపత్రికి చేరిన అభాగ్యులను తలచుకొన్నపుడు, మొటిమకు మందడుగుటకు పడుచులు సిగ్గుపడిరన్న ఆశ్చర్యపడ నక్కరలేదు.

తరువాత పెద్దమార్పు నిశ్శబ్దముగ వచ్చినది. 1975 మే నెలలో మనదేశమున మశూచి చివరిసారిగా కనబడెను. 1977లో భారతమును, 1980లో లోకమును ఆ మహమ్మారి విడిచిపోయినదని ప్రకటించిరి. ఆ పిమ్మట పుట్టిన తరముల ముఖములు స్ఫోటకమెఱుగనివి. గుంటలు పడిన పెద్దలు క్రమముగా కనుమరుగైనకొలది, నునుపైన ముఖము సహజమనియు, గుంట దోషమనియు కన్నులు క్రొత్తలెక్క నేర్చుకొన్నవి. అంతకుముందు మశూచి నీడలో దాగియున్న మొటిమగుంట అప్పుడు బయటపడినది. దాపరికములేని ట్యూబులైటు వెలుగును, ప్రతి పెండ్లికిని రంగుల ఫొటోలును, ఇప్పుడు చేతిలో నుండు ఫోను కెమెరాయు ఆ చూపును మరింత నిశితము చేసినవి.

గుంటను సరిచేయు యత్నము ఇతరదేశములలో అంతకుముందే ఆరంభమైనది. జర్మనీలో క్రోమయర్ అను వైద్యుడు 1905 ప్రాంతమున తిరుగుడు రాపిడి చక్రముతో మచ్చచర్మమును గీకెను; అమెరికాలో 1953లో కర్టిన్ యంత్రపుకుంచెతో ఆ పద్ధతిని మెరుగుపరచెను. నలుపు, చామనచాయ గల చర్మమునకు అది తగినది కాదు. గాయమైన ప్రతిచోట మన చర్మము మరకతో బదులుచెప్పును. ఈ కారణముననే మనవారికి ఉపకరించినవి నెమ్మదియైన ఉపాయములు. 1969లో క్లిగ్‌మన్ ప్రభృతులు వెల్లడించిన ట్రెటినాయిన్ పూత, 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఐసోట్రెటినాయిన్ మాత్ర మొటిమనే అణచి గుంట పడకుండ చేసినవి. గర్భస్థశిశువునకు ఈ మాత్ర ఘోరాపకారి యగుట చేత, గర్భము లేదని నిర్ధారించుకొనక స్త్రీల కిచ్చుట తగదు. ఏర్పడిన గుంటకు 1995లో ఒరెన్‌ట్రైకులు చెప్పిన సబ్‌సిషన్ సూదిని చర్మము క్రిందకు పోనిచ్చి లాగెడి పీచుత్రాళ్ళను తెంపును. 2002లో కొరియా వైద్యులు వర్ణించిన మఱియొక పద్ధతిలో, సూదిమొనంత సన్నగా లోతుగా నున్న గుంట అడుగున తీవ్రమైన ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లమును తాకింతురు.

ఈ చివరిదానిని దగ్గరగా చూచుట మేలు. ముఖము కడిగి జిడ్డు తుడిచి, చర్మమును రెండువ్రేళ్ళతో సాగదీసి, మొన చెక్కిన కొయ్యపుల్లను ఆమ్లములో ముంచి, అదనపు బొట్టును అంచున విదిల్చి, గుంట అడుగును మాత్రమే తాకింతురు. క్షణములలో అక్కడ సున్నమద్దినట్లు తెల్లని చుక్క లేచును, చురుక్కుమని మంట పుట్టును. చుట్టుచర్మమున ఒక్క బొట్టు పడినను మచ్చ పెరుగును గాన వైద్యుని చేయి వణకరాదు. నాలుగైదు దినములకు నల్లటి పొక్కు రాలి, తరువాతి వారములలో గుంట అడుగు కొంచెము లేచును. నెలకు తక్కువ కాకుండ ఎడమిచ్చి, మరల మరల. లేజరులకును, సన్నసూదుల రోలరులకును మూలసూత్రమొక్కటే: నియమితమైన చిన్నగాయముతో క్రొత్త పీచును పుట్టించుట. అది పుట్టుటకు నెలలు పట్టును. గుంట పూర్తిగా మాయునని హామీ నిచ్చువాని యొద్దకు పోరాదు. నీడ తక్కువగుట, అంచు మెత్తనగుట, ఎదుటివాని చూపునకు ఆనకపోవుట, ఇవి న్యాయముగా ఆశింపదగినవి.

ఉబ్టనుకును ఆసుపత్రికిని నడుమ నేడు మఱియొకటి చొచ్చుకొన్నది. మందుల దుకాణమున చీటీ లేకుండ దొరకు స్టెరాయిడు కలిసిన తెలుపు క్రీము వారములో మొటిమ వాపును దించి, రంగు తేల్చి, ఇంటివారందరిచే మెప్పు పొందును. మానివేసిన కొలదిదినములకే ముఖమెర్రబారి, చర్మము పలుచబడి, రక్తనాళములు తేలి, క్రొత్త మొటిమలు గుంపుగా లేచును. చర్మవైద్యుల సంఘము ఎంతో కాలముగా మొరపెట్టగా, 2018లో కేంద్రము ఇట్టి స్టెరాయిడు పూతలను చీటీ చూపనిదే అమ్మరాదని కట్టడిచేసినది. కట్టడి కాగితమున నున్నది, గొట్టము ఇంకను చేతులు మారుచున్నది. పసారి వాని పొట్లములో చేదు నిజముగనే యుండెడిది. ఈ గొట్టములో చేదు తరువాత తేలును. ఇంత హాని ఏ హకీము ముద్దయు ఈ నగరపు ముఖములకు చేయలేదని నిస్సంకోచముగ చెప్పగలను.

పెండ్లి సమీపించినపుడు చిక్కు మరింత పెరుగుచున్నది. మాంఝాకు వారము ముందు కూతురిని వెంటబెట్టుకొని చర్మవైద్యుని చేరు తల్లులకు ఆయన చేయగలిగినది స్వల్పము. అప్పుడు ఆమ్లమో లేజరో తాకినచో ఆ ఎరుపు, ఆ పొక్కు నిఖానాటికి మానవు. చికిత్స పొందిన చర్మముపై పసుపుముద్దతో రుద్దుట మరింత ప్రమాదము. మొదట క్రొత్త మొటిమలను నిలిపి, రంగు మరకలకు ఎండమరుగు లేపనమును, రాత్రిపూతను పెట్టి, అటుపై గుంటలను తాకుటకు, అవి స్థిమితపడుటకు, ఆరునెలలు తక్కువే గాని ఎక్కువ కాదు. కావున మాట ఖాయమైన నాడే వైద్యుని యొద్దకు పోవుటయు, చివరి ప్రక్రియకును పెండ్లికిని నెలపైబడి ఎడముంచుటయు, ఉబ్టనులో బావంచాలు మాని, చర్మము మానిన తరువాతనే, రుద్దక పూతగా మాత్రమే పెట్టుటయు యుక్తము. అప్పుడు మాంఝా మాంఝాగనే జరుగును.